టీవీ మీద దుప్పటి

మా జెనోబియుష్ గారికి ఒకటే పిచ్చి. టీవీ పెట్టే ముందు దానిమీద దుప్పటి కప్పాలి. మందపాటి ఉన్ని దుప్పటి, అంగుళం బొమ్మ కూడా బయటికి కనిపించకూడదు. ఆయనకా, తొమ్మిదో ఏటనే చూపు పోయింది. అయినా సరే, "ఆ బొమ్మ వెలుగు నా చెవులకి అడ్డమొస్తోంది, అమ్మాయ్. కప్పు!" అనేవారు.

నేను యాభై ఆరేళ్ల అమ్మాయిని. లుబ్లిన్ ఊళ్లో మా మేడలో ఆయనది రెండో అంతస్తు, నాది మూడు. రెండేళ్లుగా ప్రతి గురువారం నాలుగింటికి ఆయనతో కూర్చుని హత్యల సీరియల్ వినాలి. దుప్పటి చాలదన్నట్టు కర్టెన్లు కూడా మూసేవారు. నేనసలే లిఫ్టు ఎక్కినా సిలువ గుర్తు వేసుకునే పిరికిదాన్ని. ఆ చీకట్లో, చూపులేని వాళ్ల కోసం తెరమీద జరిగేది వర్ణించే ఆడగొంతు, "ఆమె తలుపు తీస్తుంది. నేలంతా తడి. ఆమె వంగుతుంది" అంటుంటే నా పై ప్రాణాలు పైనే పోయేవి.

"ఏం తడి? నీళ్లా, నెత్తురా?" అని ఆయన టీవీని నిలదీసేవారు. "కోటు ఆకుపచ్చది అని చెప్పావు సరే, చేతిలో కత్తి ఉందా లేదా? కోటుతో పొడుస్తాడా?"

ఈ కాలం సీరియళ్లంటే ఆయనకి ఒళ్లుమంట. "అందరూ గుసగుసలాడే వాళ్లే. పది నిమిషాలు సంగీతం, ఆగేసరికి ఒకడు చచ్చి ఉంటాడు. ఎవడు చంపాడో ఫిడేలు చెప్తుందా?" ఒక కొత్త సీరియల్‌కి మొదటి వారం వర్ణన పెట్టి రెండో వారం ఎగ్గొట్టారు. "హంతకుడితో నన్నొక్కణ్ణే గదిలో వదిలేసి పోతారా!" అని ఛానెల్‌కి ఉత్తరం రాయించారు. రాసేది నేనే. అలా రాసినవాటిలో ఆరు ఉత్తరాలు గురువారం సీరియల్ ఇన్‌స్పెక్టర్ మీసం గురించే. ఉందా, లేదా? ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఆయన దేవుడు లెక్టర్. మా దగ్గర టీవీలో విదేశీ సినిమా వేస్తే ఒకే మగమనిషి అందరి మాటలూ చదివేస్తాడు. పెళ్లికూతురికీ, హంతకుడికీ, పసిపిల్లకీ అదే చప్పిడి గొంతు. "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్నా "ఇల్లు అంటుకుంది" అన్నా ఒకటే తీరు.

"చిన్నప్పుడు చీకటంటే నాకూ చచ్చేంత భయం. అన్నీ లెక్టర్‌లా చెప్పుకునేవాణ్ణి. ఆ గొంతులో చెప్తే భయానికి కోరలుండవు. ఏదీ, చెప్పు," అనేవారు నాతో.

"వీస్వావా వణుకుతోంది," అని నా పేరే పెట్టి చప్పగా చెప్పేదాన్ని. "ఆమె చేతిలో టీ కూడా వణుకుతోంది." నాకే నవ్వొచ్చేది.

అంతటితో వదిలేవారా? మధ్యలో పరీక్షలు. "తలుపు ఎటుంది? నీ గ్లాసు ఎక్కడుంది? తడమకుండా అందుకో!" ఈ ముసలాయన నన్నెందుకిలా చంపుకుతింటున్నాడురా దేవుడా అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

అప్పటికి నాకో రహస్యం ఉంది. నీటికాసులతో నా కుడికన్ను ఎప్పుడో ఆరిపోయింది. ఎడమది పోతోంది. చెబితే నిజమైపోతుందేమోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. చివరికి డాక్టరు, "ఆపరేషన్ చేద్దాం. మిగిలిన చూపు నిలవొచ్చు, నిలవకపోవచ్చు" అన్నారు. చుట్టాలింట్లో పెళ్లికని అబద్ధమాడి ఆస్పత్రిలో చేరాను.

ఎడమకంటికి కట్టు కట్టాక ఇక అంతా చీకటే. రేపు కట్టు విప్పాక కూడా ఇలాగే ఉంటే? ఆ ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. దాహమేసింది. మంచినీళ్లు ఎక్కడున్నాయో కూడా ఎవరినీ అడగలేదు.

మధ్యాహ్నం టక్ టక్‌మని కర్ర చప్పుడైంది. వెంట, ఆయనింట్లోనే ఉండే చెల్లెలు లియోకాదియా గారి ఆయాసం.

"పెళ్లి బాగా జరుగుతోందా, అమ్మాయ్?"

"మీకెలా తెలిసింది?"

"రెండేళ్లుగా నువ్వు గంట నొక్కేముందు నా తలుపంతా తడుముతున్నావు. మొన్న పెళ్లికని ఏడుపుగొంతుతో బయల్దేరావు. మా చెల్లి మూడు ఆస్పత్రులకి ఫోన్ చేసింది." కుర్చీ లాక్కుని, గొంతు సవరించుకుని, లెక్టర్‌లా మొదలుపెట్టారు. "వార్డు. కిటికీ కుడివైపు, ఎండ చెంపకి తగులుతోంది. నర్సుకి కొత్త బూట్లు, కిర్రుమంటున్నాయి. ఎదురు మంచం ఆవిడ నారింజపండు ఒలుస్తోంది, ఎవరికీ పెట్టడం లేదు. వీస్వావా భయపడుతోంది. ఆమె ఎడమచేతికి జానెడు దూరంలో పళ్లు ఉడికించి తీసిన కాంపోట్ గ్లాసు ఉంది. ఇప్పుడే పెట్టాను."

తడమకుండా చెయ్యి చాపాను. గ్లాసు చేతికొచ్చింది. ఎదురు మంచం ఆవిడ, "పెట్టకపోవడమేంటి!" అంటూ తొనలు తెచ్చి ఒళ్లో పోసింది. వార్డంతా ఒకటే నవ్వులు.

"ఈ గురువారం దుప్పటి ఎవరు కప్పుతారు మీకు?" అన్నాను.

"ఏ దుప్పటి? నాదా?" అన్నారు లియోకాదియా గారు. "రోజూ ఉండేది నా మంచం మీదేగా. గురువారం నువ్వొచ్చే ముందు మాత్రం లాక్కుపోతాడు."

చూపులేని మనిషికి టీవీ మీద దుప్పటి దేనికని రెండేళ్లలో ఒక్కసారైనా నా మట్టిబుర్రకి తట్టలేదు! ఆ దుప్పటి, కర్టెన్లు, పరీక్షలు అన్నీ నాకోసమే, నాకు చీకటి అలవాటు చెయ్యడానికే. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"లియోకాదియాకి నోట్లో నువ్వుగింజ నానదు," అన్నారు ఆయన, లెక్టర్‌లాగే.

మర్నాడు కట్టు విప్పారు. కన్ను నిలిచింది.

తర్వాతి గురువారం నాలుగింటికి వెళ్తే టీవీ మీద దుప్పటి లేదు. ఆయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. "ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, అడుగులు వినపడ్డాయి. చెప్పు, మీసం?"

నేను గొంతు సవరించుకున్నాను. "ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మీసం ఉంది. చీపురుకట్టలా ఉంది."

"నాకు తెలుసు! ఇంత ఘోరం దాచిపెడతారా? కాగితం తియ్యి!"

ఏడో ఉత్తరం రాశాను. తర్వాత లియోకాదియా గారి మంచం మీంచి దుప్పటి తెచ్చి నేనే టీవీ మీద కప్పాను. ఆ మీసం చూస్తూ కూర్చోవడం కంటే చీకట్లో ఆయన పక్కన కూర్చుని భయపడటమే నయం.