గంగారాం అన్న ప్రెస్ పేరుతో వచ్చిన మెయిల్

నిన్న పొద్దున ఆఫీసులో మెయిల్ తెరిస్తే, బాన్సువాడ నుంచి గంగారాం అన్న ప్రెస్ పేరుతో ఒకటి వచ్చి ఉంది.

“మా నాన్న గంగారాం గారు రాత్రి గుండెపోటుతో పోయారు. సాయంత్రం అంత్యక్రియలు.”

రెండుసార్లు చదివాను.

వెంటనే కోపం వచ్చింది. ఎవడో మళ్ళీ అన్న పేరుతో ఆడుకుంటున్నాడనుకున్నాను.

“బతికున్న మనిషిని చంపుతారా? సిగ్గుందా? సైబర్ పోలీసులకు కంప్లైంట్ ఇస్తా” అని నా ఫోన్ నంబర్ కూడా పెట్టి రిప్లై కొట్టేశాను.

కాసేపటికి ఫోన్. అన్న బిడ్డ పూజ.

“అత్తా, నేనే పంపిన. డాడీ ఫోన్ లాక్ తియ్య వస్తలేదు, ఎవ్వరి నంబర్లు దొరకలె. ప్రెస్ కంప్యూటర్ల మెయిల్ అడ్రసులుంటె గట్ల పంపిన.”

తండ్రి శవం ఇంట్లో ఉండగా ఆ పిల్ల నా రిప్లై చదివింది.

ఇంకెవరైనా అనుమానపడితే అర్థం ఉంది. ఆ ప్రెస్ పేరుతో దొంగ మెయిల్ రాకుండా సెట్టింగ్ పెట్టింది నేనే. వచ్చిందంటే అది నిజమని అందరికన్నా ముందు నాకే తెలియాలి.

అన్న ప్రెస్‌లో పెళ్ళి పత్రికలు కొట్టేవాడు. నేను అక్కడే డీటీపీ నేర్చుకున్నాను. తర్వాత నిజామాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం దొరికింది. అయినా నేను అన్నకు చెల్లెనే.

ఒకసారి ఎవడో ఆ ప్రెస్ అడ్రస్ పెట్టి కస్టమర్లకు మెయిల్స్ పంపాడు. పైన ‘పత్రిక ప్రూఫ్’ అని ఉంటుంది. తెరిస్తే పాడు బొమ్మలు.

వర్ని ఊళ్ళో ఒక పెద్దాయన దాన్ని కాబోయే వియ్యంకుడి ముందే తెరిచాడు.

ఆయన ప్రెస్‌కు వచ్చి నలుగురి ముందు అడిగాడు. “నా బిడ్డ పెండ్లి ముంగట గిదేం పని గంగారాం?”

అన్న తల దించుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత హోటల్‌కు పోయి చాయ్ తాగడం కూడా మానేశాడని వదిన చెప్పింది.

ఆ ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. అన్న స్టూల్ వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు.

“మన పేరు పెట్టి ఎవడు పడితే వాడు పంపొచ్చా చెల్లె?”

“ఇప్పటిదాకా అంతే అన్నా.”

ప్రెస్ డొమైన్ సెట్టింగ్స్ తెరిచాను. మన మెయిల్ ఏ సర్వర్ నుంచి పోవాలో చెప్పేది ఎస్‌పీఎఫ్. ప్రతి మెయిల్ మీద మన ముద్ర వేసేది డీకిమ్. ఈ రెండింటికీ పొంతన లేకుండా వచ్చింది లోపలికి రానివ్వొద్దని అవతలి వాళ్ళకు చెప్పేది డీమార్క్. మూడూ పెట్టాను. ఒక అక్షరం తప్పు కొట్టి, టెస్ట్ మెయిల్ స్పామ్‌లో పడితే మళ్ళీ సరిచేశాను.

అంతా అయ్యాక అన్న అన్నాడు. “ఇగ అందరికీ ఒక మెయిల్ కొట్టు. మాఫీ అడుగుదాం.”

నాకు ఒళ్ళు మండింది. “నువ్వు పంపలేదు కదా అన్నా, నువ్వెందుకు అడగాలి?”

“నేను పంపలె. గానీ ఆళ్ళు నా పేరు జూసే తెరిచిన్రు గదా.”

టైప్ చేశాను. పంపాను.

కొన్నాళ్ళకు ఆ వర్ని పెద్దాయనే ప్రెస్‌కు వచ్చాడట, పత్రిక కొట్టించుకోవడానికి. “చెయ్యని తప్పుకు నన్ను మాఫీ అడిగితివి. నలుగుర్ల నిన్ను నిలబెట్టినందుకు నాకే సిగ్గైతుంది” అన్నాడట. ఈ మాట చెబుతూ అన్న ఫోన్‌లో చిన్నపిల్లాడిలా నవ్వాడు.

చెయ్యని తప్పుకు అంత సిగ్గుపడిన మనిషి. ఆయన బిడ్డను, ఆ ఘడియలో, నేను సిగ్గుందా అని అడిగాను.

నిన్న సాయంత్రం పూజ చెయ్యి పట్టుకుని “తప్పైంది” అన్నాను. “ఏం కాదు అత్తా” అంది. ఆ మాట అచ్చం అన్న అన్నట్టే ఉంది. నేను ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయాను.

పాడె పట్టిన వాళ్ళలో వర్ని పెద్దాయన కూడా ఉన్నాడు. ఎవరు మార్చుకుంటామన్నా భుజం వదల్లేదు.

సెలవు అన్నా. నువ్వు మోసిన సిగ్గులన్నీ ఇక్కడే దించేసి, నిమ్మళంగా నిద్రపో.