గుండీల సీసాల ముందు వరస

వీధికంతటికీ అత్తయ్య అయిన దర్జీ కొట్లో, గుండీల సీసాలకు ముందు ఒక చిన్న సీసా ఉంటుంది. లావు తగ్గే ఆపరేషన్ చేస్తూ పనిలో పనిగా ఆమె పిత్తాశయం కూడా తీసేసిన డాక్టరమ్మ దగ్గర, అందులోని రాళ్లను అడిగి మరీ తెచ్చి ఈ సీసాలో పెట్టుకుంది. కొట్టు తెరవగానే మిషన్ కంటే ముందు ఆ సీసానే తుడుస్తుంది. నిన్న ఒకావిడ దాన్నెత్తి చూసి, "ఈ పూసలు నా జాకెట్టు చేతులకి కుట్టు అత్తయ్యా," అంది. సంగతి తెలిశాక చప్పున దించేసి, "అయినా కోయించుకుని తగ్గడం కూడా ఒక గొప్పేనా?" అని మూతి తిప్పింది. అత్తయ్య మెడలో టేపు సర్దుకుని, సీసాను మళ్లీ ముందు వరసలోనే పెట్టింది.

"ఈ రాళ్లు కడుపులో పొడుస్తుండగానే నీ పెళ్లి జాకెట్టు కుట్టానమ్మాయ్. ఎక్కడైనా కుట్టు వంకరపోయిందేమో చూపించు!"