ఐలయ్య ఫెయిల్ చేసిన లండన్ బొమ్మ

సినిమా ఆపరేటర్ ఐలయ్య పాస్ చేసిన బొమ్మ జనగామలో ఒక్కటీ లేదు. పెళ్లి ఆల్బం చేతికిస్తే పెళ్లికూతురిని వదిలి ఆమె వెనక పడిన నీడను చూస్తాడు. తన ఓటరు కార్డు మీద ఉన్నది తన ఫొటోనే అని ఇంతవరకు ఒప్పుకోలేదు. "నలుపు సచ్చింది. ఫెయిల్," అంటాడు. ఆ వెంటనే, ఎవరూ అడగకపోయినా, తన అర్హతలు వినిపిస్తాడు. నర్మెట్ట బడిలో నాలుగో తరగతి. ఆపరేటర్ లైసెన్సు పరీక్ష మొదటిసారికే పాస్. మూడు టాకీసుల్లో ముప్పైనాలుగేళ్ల నౌకరీ. కాలిన రీలు ఒక్కటి లేదు.

"ఒక్కటంటే ఒక్కటి?" అని అడిగితే, "గార్ల దాకా పోయి అడుగు," అంటాడు. గార్లలో ఎవరిని అడగాలో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

సకలజనుల సమ్మె నాటి మాట ఇది. బస్సులు లేవు, బడులు లేవు. భూపాలపల్లిలో బొగ్గు బాయిలు కూడా బందై, కరెంటు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చిపోతోంది. బస్టాండు ముందు రిలే నిరాహార దీక్ష శిబిరాన్ని చంద్రమోహన్ సారు నడుపుతున్నాడు. మధ్యాహ్నం మూడయ్యేసరికి దీక్షలో ఉన్నవాళ్ల చూపులన్నీ ఎదురుగా ఉన్న మిర్చి బండి మీద వాలుతున్నాయని కనిపెట్టి, ఆ కళ్లకు వేరే పని పెట్టాలని టీవీ తెప్పించాడు.

తెలుగు సినిమా వేద్దామంటే కాలేజీ పిల్ల సుమ అడ్డం పడింది. "మన మాటను రౌడీలకు, జోకర్లకు పెట్టిన సినిమాలు మన టెంటుల ఎందుకు సార్?"

అందుకని సారు ఒక పాత ఇంగ్లిషు దొంగ సినిమా తెచ్చాడు. నలుపు తెలుపుది. ఒకప్పుడు జనగామ టాకీసులో ఐలయ్య ఆడించిందే. లండన్‌లో బ్యాంకు దోచిన కుర్రవాడు పోలీసుల కన్నుగప్పి, పొగమంచులో పడవెక్కి వెళ్లిపోతాడు. ఊళ్లో పెద్దవాళ్లందరికీ ఆ కథ తెలుసు. ఇప్పుడు ఆ బొమ్మ మీది గీతలన్నీ తుడిచి, బాగుచేసి, కొత్త డిస్కుగా అమ్ముతున్నారట.

"నా బొమ్మను వాళ్లు బాగు చేసుడేంది?" అంటూ ఐలయ్య ఇంటి నుంచి కుర్చీ మోసుకొచ్చి, టీవీ పక్కన వేసుకొని, రిమోటు గుంజుకున్నాడు. ముందు వరుసలో అండాలవ్వ కూర్చుంది. రైలు రోకోలో అరెస్టయిన ఆమె మనుమడు మహేశ్ వరంగల్ జైల్లో ఉన్నాడు. వాడు వచ్చేదాకా శిబిరం వదలనని ఆమె పంతం.

మొదటి రోజు దొంగ పడవెక్కగానే ఐలయ్య రిమోటు నొక్కి బొమ్మ ఆపేశాడు.

"ఫెయిల్. ముఖాలకు మైదా పూసిన్రు. గీతలు తుడువుమంటే తోలు కూడ తుడిచిన్రు. గా పోలీసాయన గడ్డంల ఒక్క ఎంటికన్న అవుపడుతున్నదా?"

"కథ చూద్దాం కాకా," అన్నారెవరో.

"కథ ఎవడన్న చెప్తడు. బొమ్మ చూసేటోడు కావాలె."

రెండో రోజు మళ్లీ పడవ దగ్గరే ఆగింది. "పొగమంచును కడిగి కడిగి పాలు చేసిన్రు. నలుపు నలుపు లెక్కనే లేదు." సారు లేచి టీవీ వెలుగు తగ్గించాడు. "గిప్పుడు బొగ్గు బాయి." పెంచాడు. "గిప్పుడు సున్నం."

మూడో రోజు తప్పు టోపీలది. టీవీ తెరకు సరిపోవాలని డిస్కు వాళ్లు బొమ్మను పైన కత్తిరించిన మాట నిజమే. "సగం టోపీలతోని లండన్ ఎక్కడన్న ఉంటదా? ఫెయిల్."

"కంపెనీకి ఉత్తరం రాస్తవా కాకా?" అని సుమ నవ్వింది.

"రాస్త. తెలుగుల రాస్త. వాళ్ల బొమ్మను మనం ఇంగ్లిషుల చూస్తలేమా? మన ఉత్తరం వాళ్లు తెలుగుల సదువుకుంటరు."

అందరూ చప్పట్లు కొట్టారు. చంద్రమోహన్ కొట్టలేదు. మూడు రోజులు మూడు తప్పులు, ఆగిన చోటు మాత్రం ఒక్కటే. మర్నాడు పొద్దున ఇంట్లో డిస్కు పెట్టి, పడవ కదిలిన తరువాత ఏమవుతుందో చూశాడు. పడవ వెనక్కి వచ్చింది. పోలీసులు, కోర్టు, ఆఖరికి ఉరికంబం. జనగామ ఇంతవరకు చూడని రీలు ఒకటి ఉంది.

మధ్యాహ్నం ఐలయ్యను టెంటు వెనక్కి పిలిచాడు. "ఆఖరి రీలు సంగతేంది కాకా?"

ఐలయ్య ఈసారి నర్మెట్ట బడి ఊసెత్తలేదు. "అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి అయినప్పుడు కూడ మన పోరగాండ్లు జైల్ల ఉండిరి. వాళ్ల తల్లులు, పెండ్లాలు నా ఆటకు వస్తుండిరి. గీ అండాలు పెనిమిటి వీరయ్య సుత లోపల్నే ఉండె. ఇగ ఉరి రీలు ఎట్ల ఏస్త? డబ్బాల పెట్టి మూత పెట్టిన."

"ఓనరు అడగలేదా?"

"అడిగిండు. రీలు ఫెయిల్ అన్న. గిప్పుడేమో మనుమడు లోపలున్నడాయె. జర నువ్వు కూడ ఫెయిల్ అను సారూ."

అది గుడ్డ టెంటు. అవతల కూర్చున్న అండాలవ్వకు ప్రతి మాటా వినబడింది. కొంగు దోపుకుంటూ వచ్చి నిలబడింది.

"ఆపరేటరన్నా, గా రీలు నేను ఆ ఏడే కాజీపేటల చూసిన. చెప్తే నువ్వు చిన్నబోతవని చెప్పలే."

ఐలయ్య భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఎయ్యి సారూ," అన్నది అండాలవ్వ. "నా మనుమడు బ్యాంకు దోచిండా? పట్టాల మీద కూసుండి తెలంగాణ అడిగిండు. నేనెందుకు భయపడాలె? నిండ ఎయ్యి, చూస్త."

సారు వేశాడు. పడవ వెనక్కి వచ్చింది. కోర్టులో జడ్జి తీర్పు చదవడం మొదలుపెట్టాడు. అండాలవ్వ నిటారుగా కూర్చుని రెప్ప వేయకుండా చూస్తోంది. ఐలయ్య మాత్రం తువ్వాల తల మీదుగా గడ్డం దాకా లాక్కుని, టెంటు గుడ్డ వైపు తిరిగి కూర్చున్నాడు.

"బందు పెట్టు సారూ," అన్నది అండాలవ్వ మెల్లగా. "నేనైతే చూస్తుంటి గాని, పాపం ఆపరేటరన్నకు చాతనైతలేదు."

సారు ఆపేశాడు. సుమ నవ్వు ఆపుకోవడానికి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తువ్వాల కింది నుంచి గొంతు వినబడింది.

"ఏమాయె పోరడు?"

"పడవెక్కిండన్నా," అన్నది అండాలవ్వ. "పోయిండు."