నీటికోళ్ళకు బోధ

"నన్ను నవ్వించకండి, మీరూ నవ్వితే దగ్గొస్తుంది" అన్నాను. "వస్తే రానీవే" అన్నారు మా ఆయన. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. మర్నాటికి ఆయన లేరు.

అలాంటి మనిషి. అందుకే ఏడుపు సంగతి పక్కన పెట్టి, ఫ్రాన్సిస్ పునీతుడి నెల సంగతి రాయిస్తున్నాను.

మాది కొల్లేటి లంక. ఒక ఏడాది అక్టోబరు నెలంతా సాయంత్రాలు రోజుకొక ఇంట్లో కూడేవాళ్ళం. మా చర్చి ఉపదేశిగారు ఆ పునీతుడి కథ ఒకటి చదివేవారు. తర్వాత ఆ ఇంటి ఆలుమగలు పక్కపక్కన కూర్చుని, సూర్యుణ్ణి అన్నా అనీ, నీళ్ళను చెల్లీ అనీ పిలిచి దేవుడికి స్తోత్రం చెప్పాలి.

మొదటి రోజే, పునీతుడు పిట్టల్ని చెల్లెళ్ళన్నాడని చదివారు. జనమంతా మా ఆయన వంక చూశారు. మరి ఆయన వలేసి నీటికోళ్ళను పట్టి ఏలూరు సంతలో అమ్మేవారు. లేచి వచ్చేశారు. "ఇక నేను రానే" అన్నారు. చూస్తూండగానే మా వంతు దగ్గరకొచ్చింది. ఒక్కదాన్నే కూర్చుంటే ఊళ్ళో తలెలా ఎత్తుకోను? బతిమాలాను, అలిగాను, పులుసులో ఉప్పు మానేశాను. ఊహూఁ.

మా వంతు సాయంత్రం అందరూ వచ్చేసరికి ఆయన పెరట్లోకి పోయి కూర్చున్నారు. పొద్దున పట్టిన నీటికోళ్ళు చూరు కింద గంపలో ఉన్నాయి. పునీతుడు ఊరుకోమనగానే పిట్టలు నోరు మూసుకున్నాయని ఉపదేశిగారు చదువుతున్నారు. సరిగ్గా అప్పుడే గంపలోవి అరుపులు లంకించుకున్నాయి! ఉపదేశిగారు పుస్తకం దించి, "చెల్లెళ్ళారా, ఊరుకోండి!" అని గద్దించారు. అవి రెట్టింపు అరిచాయి. ఆడవాళ్ళం కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

మా ఆయన ఉండబట్టలేక తడి గోనెపట్టా పట్టుకొచ్చారు. "కోప్పడితే వినవండీ. వాటికి వెలుగు తగలకూడదు" అంటూ గంప మీద కప్పారు. టక్కున ఆగిపోయాయి.

"అమ్మోయ్, పునీతుడు పెరట్లో ఉంటే మనం పుస్తకంలో వెతుకుతున్నాం!" అంది మా పెద్దాడపడుచు. ఇల్లంతా విరగబడి నవ్వింది. ఉపదేశిగారు కళ్ళు తుడుచుకుని నా పక్కన చాప చూపించారు. "కూర్చోండి అన్నగారూ. అవి మీ మాటే వింటున్నాయి."

కూర్చున్నారు. మోకాలికి మోకాలు తగిలింది. "నీటికోడి చెల్లీ, నిన్నమ్ముకుని మేం తింటున్నాం. నిన్నిచ్చిన దేవుడికి స్తోత్రం" అన్నారు.

"చెల్లెల్ని సంతకు తోలే అన్నవి నువ్వొక్కడివేరా!" అంది ఆడపడుచు. నా స్తోత్రం ఆ నవ్వుల్లోనే పోయింది.

పిట్టలు పట్టడం ఆయన మానలేదు, అబద్ధం రాయించను. కానీ నెలాఖరు దాకా ఒక్క సాయంత్రం తప్పలేదు. ముందే వెళ్ళి నాకు చోటు పట్టేవారు.

ఏమ్మా మేనకోడలా, రాశావా? నీ సొంత మాటలేం కలపలేదు కదా? ఏదీ, చదువు, వింటాను.