రాయి కింద ఎవరూ లేరు

సముద్రాల అవతలి చెరకుతోటల దీవిలో, లబాసా శ్మశానంలో, ఫ్రాన్సు యుద్ధంలో చచ్చిపోయిన తోటదొర కొడుకు పేర తెల్లరాయి నిలబెట్టారు. శవం ఆ దేశంలోనే ఉండిపోయింది. గిర్మిట్ ఒప్పందం మీద ఓడెక్కి వచ్చిన కూలీ పైడమ్మ ఆ రాయిని రోజూ కొబ్బరిపీచుతో తోముతుంది, అక్షరాల సందుల్లో నాచును గోటితో గీకుతుంది. నిరుడు విషజ్వరంలో పోయిన ఆమె కొడుకుని పాతిన చోట ఇప్పుడు చెరకు ఏపుగా ఎదిగింది. ఇవాళ వాడి తద్దినం. ఆమె తెల్లరాయి మీద అన్నం ముద్ద పెట్టింది.

“దొర చూస్తే తోలు ఒలిచేస్తాడే, తియ్యి!” అని కూలీల మీద పెత్తనం చేసే సర్దారు అరిచాడు.

“దీని కింద ఎవులూ లేరు కదా బాబూ. నా గుంటణ్ణి ఉండనీ,” అంది పైడమ్మ.

తర్వాత తలెత్తి, గొంతు పగిలేలా కాకిని పిలిచింది. పిలుస్తూనే ఉంది. ఈ దీవుల్లో కాకులు లేవని ఆమెకు తెలుసు.