కాటా ముల్లూ చీకటి శక్తీ

మా జిల్లాలో మర్యాద ఎక్కువ. ఆ మర్యాద చేతిలో నేను పడ్డ బాధ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. తాడేపల్లిగూడెం మార్కెట్ దగ్గర లారీలు తూచే కాటా మీద ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. పెంటపాడు వైపు నుంచి ధాన్యం లారీలు, ఎక్కడెక్కడి నుంచో ఉల్లిపాయల లారీలు నా కాటా ఎక్కి దిగేవి. ఒక లారీ వెళ్ళి ఇంకోటి వచ్చేలోపు పుస్తకం చదివేవాణ్ణి. పాత పుస్తకాల కొట్లో సైన్సు పుస్తకం ఏది కనపడినా వదల్లేదు. ఇంగ్లీషుదైతే పక్కన నిఘంటువు పెట్టుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కాటా మీద లారీ లేదు, మనిషి లేడు, కనీసం కాకి కూడా లేదు. అయినా డయలు మీద ముల్లు సున్నా దాటి ముందుకు కదిలి, వణికి, నిలబడింది. సాయంత్రం రేడియోలో ఎక్కడో దూరాన భూకంపం వచ్చిందన్నారు. అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు.

చాలా ఏళ్ళ తరవాత డార్క్ ఎనర్జీ గురించి చదివాను. నక్షత్ర మండలాలను దూరందూరంగా తోస్తున్నదేదో ఉందట, ఖాళీ జాగా అంతా అదే నిండి ఉందట. పుస్తకం మూసి ఆలోచించాను. ఖాళీ ఆకాశంలోనే ఉందా? అణువు లోపల ఉన్నదీ ఎక్కువ ఖాళీయే గదా! అయితే మన కాళ్ళ కింద నేలలోనూ ఆ తోపుడు ఉండాలి. భూమి పలకలు రాసుకుంటే భూకంపం వస్తుందంటారు. సరే, ఆ పలకల్ని కదిలించేది ఎవరు? లోపలి నుంచి ఈ శక్తి తోస్తుంది, నేల అదురుతుంది. కలిదిండి వైపు చేపల చెరువులకని మట్టి ఎత్తేసిన చోట పైబరువు తగ్గింది గనక అది ముందు అక్కడే తెలియాలి. ఇదీ నా సిద్ధాంతం.

దీన్ని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పిల్లల మాస్టర్లకు చెప్పాను, ఇంజినీర్లకు చెప్పాను, ద్వారకా తిరుమల వెళ్ళే బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకూ చెప్పాను. అందరిదీ ఒకటే జవాబు: "చాలా బాగుందండీ." బాగుండటానికి ఇదేమన్నా పెళ్ళిభోజనమా? నిజమైతే నిజమనాలి, తప్పైతే ఎక్కడ తప్పో చూపించాలి. చచ్చేలోపు విషయం తెలిసిన మనిషి ఒక్కరి చేతనైనా ఆ మాట అనిపించుకోవాలని నా పట్టుదల.

పోయిన వేసవిలో అవకాశం వచ్చింది. పని మానేశాక నేను మకాం మార్చిన ఏలూరులో, మా పేట రీడింగ్ రూంలో నా ప్రసంగం ఏర్పాటైంది. తాడేపల్లిగూడెంలో ఫిజిక్సు చెప్పి రిటైరైన లెక్చరరుగారు వచ్చి వింటానన్నారు. బోర్డు నేనే రాశాను. తెలుగు పుస్తకాల్లో దీన్ని కృష్ణశక్తి అంటారు. అలా రాస్తే భజన అనుకుంటారని జాగ్రత్తపడి, "చీకటి శక్తి, నేల అదురు: వివరణ, సందేహ నివారణ" అని పెద్ద అక్షరాలతో రాశాను.

ఐదింటికల్లా గది నిండిపోయింది. ఊళ్ళో ఇంత విజ్ఞానం ఉందా అని పొంగిపోయాను. తీరా చూస్తే ముందు వరసలో ఒకామె ఒళ్ళో నిమ్మకాయలున్నాయి. వెనక చర్చి సంఘపెద్దగారు బైబిలు పట్టుకుని నలుగురితో నిలబడి ఉన్నారు.

"అన్నగారూ, మీ మీద మాకేం కోపం లేదండి. ఆ అంధకార శక్తుల్ని గద్దించి, చిన్న ప్రార్థన చేసుకుని వెళ్ళిపోతామండి" అన్నారు సంఘపెద్దగారు.

"ఇది దయ్యాల సంగతి కాదండీ, నక్షత్రాల సంగతి!"

"జాతకాలాండీ? అది మరీ పొరపాటండి" అన్నారాయన, ఎంతో మెత్తగా.

నిమ్మకాయలామె కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చి ఏలూరు మార్కెట్లో చేపలమ్ముతుంది. "బాబాయిగారూ, మా ఇల్లు అదురుతుందండి. ఎవరో చేయించారంటున్నారు. నివారణ చేస్తారని బోర్డు మీదుందంట గదండీ" అంది.

"ఇంటి పక్కన ఏముందమ్మా?"

"ఐసు ఫ్యాక్టరీ అండి."

"కరెంటు పోయినప్పుడు అదురుతుందా?"

"లేదండోయ్!" అని, నిమ్మకాయలు సంచీలో వేసేసుకుంది. "చేపల వేపుడులోకి పనికొస్తాయిలెండి." గదంతా నవ్వింది. వచ్చినవాళ్ళెవరూ మాత్రం లేచి వెళ్ళలేదు.

కాటా ముల్లు దగ్గర మొదలుపెట్టి అరగంట మాట్లాడాను. అయిపోగానే లెక్చరరుగారి వైపు తిరిగాను. ఆయన చేతులు జోడించి, "చాలా బాగుందండీ" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మాస్టారూ, నిజమా, తప్పా?"

"అదేంటండీ, పెద్దవారు. మీ మాట కాదంటామా!"

అప్పుడు చేపలామె చెయ్యెత్తింది. "బాబాయిగారూ, నేను రోజూ కాటా పట్టేదాన్నండి. ఆ ముల్లు ఎటు కదిలిందన్నారు?"

"ముందుకమ్మా."

"అంటే బరువెక్కువ చూపించిందన్నమాట. మీ శక్తి పైకి తోసేస్తుంటే సరుకు తేలికవ్వాలి గదండీ?"

లెక్చరరుగారు కుర్చీలోంచి ఒక్కసారిగా లేచారు. "అదేనండీ! నేనూ అదే అనుకుంటున్నాను. తప్పండీ! ఆ శక్తి భూమంత చిన్నచోట ఏమీ చెయ్యలేదు. గురుత్వాకర్షణ ముందు దాన్ని లెక్కలోకే తీసుకోనక్కర్లేదు. పలకల్ని కదిలించేది లోపలి వేడి. మీ ముల్లు కదిలిందా, దూరం నుంచి భూకంపపు అల వచ్చి ఊపి ఉంటుంది, అంతే!"

"లిఫ్టు పైకి లేచేటప్పుడు లోపలి మనిషి బరువెక్కుతాడా లేదా? నేల లేచినా అంతే గదా!" అన్నాను.

"ఎక్కుతాడు! అయితే మాత్రం? లేపింది డార్క్ ఎనర్జీ అని ఎలా తేలుతుంది?" ఆయన గొంతు వీధిలోకి వినపడింది.

"మెల్లగా మాట్లాడుకోండయ్యా, గుండెలు జాగ్రత్త" అన్నారు సంఘపెద్దగారు. పనిలో పనిగా మా ఇద్దరి ఆరోగ్యం కోసం ప్రార్థన చేసేశారు.

ఇంటికెళ్ళి, నా నోటుపుస్తకంలో ముల్లు గురించి రాసిన పేజీ అడ్డంగా కొట్టేశాను. అణువు లోపలి ఖాళీ గురించి రాసింది మాత్రం కొట్టలేదు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు మరి. సోమవారం బస్సెక్కి తాడేపల్లిగూడెంలో ఆయన ఇంటి తలుపు తట్టాను. ఆయన తలుపు తీసి, రండి, కూర్చోండి అనకుండానే, "అణువులో ఖాళీ ఉంటే ఉండనివ్వండి, ఆ అణువుని పట్టి ఉంచే బలం మాటేమిటండీ?" అన్నారు.

"ముందు చెప్పులు విప్పనివ్వండి, చెబుతాను" అన్నాను.