డాక్టరమ్మ పీకిన వైరు

డాక్టర్ కనకకు కోపమొచ్చి ఆసుపత్రి కంప్యూటర్ వైరు పీకేసిందని సంతంతా చెప్పుకున్నారు. కొట్టు అన్నపూర్ణ ఉల్లిపాయలు తూస్తూ ఇంకో ముక్క చేర్చింది.

"టైపు రాదట. ఒంటి సేత్తో కొట్టుకుంటాదట. కొండమీంచొచ్చిన ఆడగుంటకి కంపూటరేటి సెప్మీ? ఇంక బదిలీ సేసేత్తారు."

కనక ఆమె వెనకే నిలబడి ఉంది.

"అన్నపూర్ణక్కా, నాకూ ఒక కిలో తూచు. రెండు చేతులతో తూచు," అంది.

అన్నపూర్ణ నాలుక కరుచుకుంది.

కనక హుకుంపేట అవతల కొండమీద పుట్టింది. విశాఖలో డాక్టరు చదువు చదివి, తన వాళ్ల మధ్యే పని చేయాలని కొండకు తిరిగొచ్చింది. ఆమె పనిచేసే ఆసుపత్రికి కంప్యూటర్ 2008 వానల్లో వచ్చింది. అప్పటి నుంచి రోగి పేరు, ఊరు, పుట్టిన తేదీ నింపితే గాని మందుల పేజీ తెరుచుకోదు. కొండమీద పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? వారం తెలుసు. శుక్రవారం పుడితే సుక్రు, సోమవారం పుడితే సోములమ్మ. తేదీ ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదు కనుక అందరికీ జనవరి ఒకటే కొట్టేవారు. ఆ లెక్కన కొండ కొండంతా ఒకే రోజు పుట్టింది.

పేజీకి ఓపిక కూడా తక్కువ. స్టెతస్కోపుతో ఛాతీ వినేలోపే మూసుకుపోయేది. మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. మిగతా డాక్టర్లు వినడం తగ్గించారు. కనక తగ్గించలేదు. చెయ్యి పట్టుకుని అడిగితే గాని అక్కడివాళ్లు బాధ చెప్పరు. ఊళ్లో మందిచ్చే గురువు అలాగే అడుగుతాడు. అందుకే ఆమె ఎడమచెయ్యి ఎప్పుడూ రోగి మణికట్టు మీదే ఉండేది. టైపు కుడిచేత్తోనే.

ఆ రోజు సోములమ్మను కూతురు బేబి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలామెకు ఊపిరి అందడం లేదు, పెదవులు నల్లబడుతున్నాయి. కనక పేరు, ఊరు, జనవరి ఒకటి కొట్టగానే, ఈమె ఇదివరకే ఉందంటూ ఇంకో సోములమ్మ పేజీ తెరుచుకుంది. షుగరు మందులు వాడే సోములమ్మ.

"మా ఊళ్లో సోములమ్మలు సానామందున్నారు డాక్టరమ్మా," అంది బేబి.

"అందులోనే కొట్టేయండి మేడమ్, తరవాత సరిచేద్దాం," అంది నర్సు మాధవి.

"ఈమె మందు ఆమె పేరున పడితే, రేపు ఆమె వచ్చినప్పుడు ఏం చేస్తావు?"

కనక వంగి వైరు పీకింది.

"పొద్దుట్నుంచి కొట్టిందంతా పోనాదండీ," అంది మాధవి.

"పోనీ. నెబులైజర్ ఇలా తే."

మాస్కులోంచి మందు పొగ పీల్చగా పీల్చగా సోములమ్మ కళ్లు తెరిచింది. కనక చీటీ మీద చేత్తో మందులు రాసి బేబికి ఇచ్చింది.

సంత అయిన మర్నాడు ఆరోగ్యశాఖ ఆఫీసర్ గోపాలకృష్ణ ఒక కాగితం తెచ్చాడు. కంప్యూటర్ వాడడం రాక పొరపాటు జరిగిందని, ట్రైనింగ్‌కు వస్తానని అందులో టైపు చేసి ఉంది. సంతకం పెడితే కనక ఇక్కడే ఉంటుంది. పెట్టకపోతే బదిలీ.

"ఒక్క సంతకం మేడమ్. గొడవ వదిలిపోద్ది."

"నాకు టైపు వచ్చు సార్."

"వచ్చినా రాదని రాస్తే పోయేదేముంది?"

"రాదని నేను రాస్తే, ఆ పేజీ మంచిదని మీరు రాసుకుంటారు."

ఆమె కాగితం తిరగేసింది. తేదీ తెలియనివాళ్లకు ఆ గడి వదిలేయనివ్వండి, రోగి ఛాతీ వింటుంటే పేజీ మూసుకోకుండా చూడండి అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.

"ఇది తీసుకెళ్లండి. ఆ తర్వాత బదిలీ చేస్తే చేసుకోండి," అని, తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డ సుక్రు అనే రోగిని లోపలికి పిలిచి చెయ్యి పట్టుకుంది.

బదిలీ ఉత్తర్వు ఇంకా రాలేదు. ఆమెకు కోపమొచ్చి వైరు పీకిందన్న మాట మాత్రం సంతలో తిరుగుతూనే ఉంది.

ఆ గదిలో ప్లగ్గు ఒక్కటే. కంప్యూటర్ వైరు తీస్తే గాని నెబులైజర్ నడవదు.